మౌనిక పోయినట్టు కాగితం

కడుపులో నొప్పి అని వెళ్తే స్కానింగ్ తీసి, పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఇప్పటికిప్పుడు ప్రమాదం లేకపోయినా ఆపరేషన్ మాత్రం తప్పదని చెప్పాడు సూర్యాపేట డాక్టరు. కరుణ పెద్దగా భయపడలేదు. భర్త శ్రీహరి కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే హెల్త్ కార్డు ఉంది. ఆ కార్డు పట్టుకుని కింద కౌంటరు దగ్గరికి వెళ్లింది.

కౌంటరులోని అమ్మాయి నంబరు కొట్టి, తెర చూసి, తలెత్తి కరుణ ముఖం చూసింది.

"మౌనిక అంటే మీరేనా మేడమ్?"

కరుణ ఆ పేరు సరిగ్గా విన్నానా అని ముందుకు వంగింది. వెనక నిలబడ్డ ముసలాయన "జర తొందరగ కానియ్యమ్మా" అని గొణిగాడు.

"కాదు. నా పేరు కరుణ. శ్రీహరి భార్యను నేనే."

"ఇందుల భార్య పేరు మౌనిక అని ఉన్నది మేడమ్. ఫోటో గూడ ఉంది, సూడండి." ఆ అమ్మాయి మంచిదే. ఎవరి మీదా ఏ ఉద్దేశమూ లేకుండా తెరను కొంచెం ఇటు తిప్పింది.

గోరంత ఫోటో. పక్కపాపిట, ముక్కుపుల్ల. అలాంటి ఫోటోల్లో అందరూ బిగుసుకుపోయి చూస్తారు. ఈమె మాత్రం ఫోటో తీసేవాడి పక్కన ఎవరో నిలబడి నవ్విస్తున్నట్టు పెదవులు బిగపట్టుకుని ఉంది. ఆ పక్కన నిలబడ్డది ఎవరో కరుణకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టి ఆఫీసుల పేరు మార్పిచ్చుకోండి మేడమ్. అప్పటిదాక ఇది మీకు నడవదు" అంది అమ్మాయి.

శ్రీహరికి ఇంతకుముందు పెళ్లయిందని కరుణకు తెలియనిది కాదు. మొదటి భార్య లంబాడీ తండా పిల్ల అని, ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారని, జ్వరమొచ్చి పోయిందని, పిల్లల్లేరని సంబంధం తెచ్చినవాళ్లే చెప్పారు. అప్పటికి కరుణ కోదాడలో సొంతంగా బ్యూటీ పార్లర్ నడుపుతోంది, ముప్పై దాటింది. వచ్చిన సంబంధాలన్నీ పార్లర్ మూసెయ్యమనేవే. శ్రీహరి ఒక్కడే ఆ మాట ఎత్తలేదు. మనిషి నెమ్మదస్థుడు. పెళ్లయి మూడేళ్లలో ఇంట్లో మౌనిక పేరు ఎప్పుడూ వినిపించలేదు, గోడ మీద ఫోటో లేదు. మరిచిపోయాడు కాబోలని కరుణ తనలో తాను సంతోషపడేది. తీరా చూస్తే సర్కారు లెక్కలో అతనికి పెళ్లాంగా ఇంకా ఆమే కూర్చుని ఉంది, అదీ నవ్వుతూ.

ఆ సాయంత్రం శ్రీహరి డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతుంటే అడిగింది.

"కార్డుల నా పేరు ఎందుకు లేదు?"

"మరిచిపోయిన."

"మూడేండ్లు మరిచిపోయినవా?"

"మార్పిద్దాం తీ. మన పెండ్లి రిజిస్టర్ చేపిచ్చి ఆ కాయితం ఇయ్యాలె. జగదీష్‌ను అడుగుత, ఆయనకు ఎరుక."

జగదీష్ సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు, శ్రీహరికి చిన్నప్పటి దోస్తు. కడుపులో మాట దాచుకోలేని మనిషి. మర్నాడు చాయ్ తాగుతూ కరుణకు ధైర్యం చెప్పబోయాడు.

"గదెంత పని చెల్లె! మీకు పెండ్లయి ఉన్నది, పెండ్లి కార్డు ఉన్నది, ఫోటోలు ఉన్నయి. ముగ్గురు సాక్షులను తీసుకపోతే ఒక్కపూటల అయితది. కష్టమంటే అప్పటిది కష్టం. కులాలు వేరాయె, స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెట్టుకోవాల్సొచ్చె. మిర్యాలగూడల ఆఫీసు గోడకు నోటీసు అంటిచ్చిన్రు. నెల రోజులు ఎవ్వలు అభ్యంతరం చెప్పకపోతెనే పెండ్లి. గరిడేపల్లి నుంచి మా వాడి మేనమామలు వచ్చి ఎక్కడ అడ్డం పడతరోనని వీడు డ్యూటీ దిగంగనే బండి మీద కోదాడ నుంచి మిర్యాలగూడ ఉరికేటోడు. రోజూ! ఆఫీసు మూసి ఉంటే కిటికీల నుంచి తొంగి సూసేటోడు. గోడ మీద ఇద్దరి పేర్లు పక్కపక్కన సూసుకొని..."

"ఇగ ఆపురా" అన్నాడు శ్రీహరి.

జగదీష్ ఆగాడు గానీ కరుణ లోపల అప్పుడే మొదలైంది. కూర తరుగుతున్నా, పార్లర్లో ఎవరికో కనుబొమలు దిద్దుతున్నా అదే బొమ్మ కళ్లముందు ఆడేది. డ్యూటీ బట్టల్లోనే దుమ్ము కొట్టుకుపోయి, బండి స్టాండు వేసి, మూసిన ఆఫీసు కిటికీలోంచి మెడ సాచి చూస్తున్న శ్రీహరి. తమ పెళ్లి సూర్యాపేటలో పెద్ద ఫంక్షన్ హాల్లో జరిగింది. బంధువులంతా వచ్చారు, బ్యాండు, డ్రోన్ కెమెరా, ఏదీ తక్కువ కాలేదు. అయితే ఆ పెళ్లి కోసం శ్రీహరి ఎక్కడా నిలబడి ఎదురుచూడలేదు. వేసిపెట్టిన పీట మీద వచ్చి కూర్చున్నాడు. వాన పడుతుంటే పార్లర్ దగ్గరికి బండి తెమ్మని ఫోన్ చేస్తే "ఆటోల రా" అనే మనిషి, ఆమె పేరు చూడటానికి రోజూ అంత దూరం వెళ్లేవాడట.

అప్లికేషన్‌కు పెళ్లి ఫోటో కావాలంటే ఆల్బం తీసింది. తాను తయారు చేసిన పెళ్లికూతుళ్లందరిలోకీ తానే బాగా కుదిరిందని అప్పట్లో మురిసిపోయిన ఫోటోలు. ఇప్పుడు తన ముఖం చూసుకోలేదు. ప్రతి దాంట్లో అతని ముఖమే వెతికింది. ఫోటోగ్రాఫరు నవ్వమన్నప్పుడు నవ్వాడు. అంతే. ఆ గోరంత ఫోటోలో ఉన్న నవ్వుకు సరితూగేది ఒక్కటీ దొరకలేదు.

కోదాడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మొదట అంతా సాఫీగానే సాగింది. శ్రీహరి బల్ల మీద వంగి అప్లికేషన్ నింపుతున్నాడు. పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు, పెళ్లి జరిగిన చోటు. పెళ్లినాటికి వరుడు ఏ స్థితిలో ఉన్నాడు, అంటే అంతకుముందు పెళ్లి కానివాడా, విడాకులు తీసుకున్నవాడా, భార్య చనిపోయినవాడా అనే వరస దగ్గర అతని చెయ్యి ఆగింది. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, కాగితం కరుణ వైపు జరిపాడు.

"నువ్వు రాయి."

కరుణ రాసింది. అక్షరాలు కాగితానికి అవతలి వైపు అచ్చుపడేంత గట్టిగా రాసింది.

కాగితాలు చూసే రజిత మేడమ్ ఒక్కొక్కటే సరిచూసి తలెత్తింది. "మొదటి భార్య డెత్ సర్టిఫికెట్ కూడా జత చేయాలండీ. అది లేకపోతే మేం తీసుకోలేం."

"అది లేదు మేడమ్" అన్నాడు శ్రీహరి.

"పోయిందా? ఎక్కడ తీసుకున్నారో అక్కడ కాపీ ఇస్తారు."

"అసలు తియ్యలేదు."

కరుణ తిరిగి అతని వైపు చూసింది. రజిత మేడమ్ కూడా చూసింది.

"ఎన్నేళ్లయిందండీ చనిపోయి?"

"ఆరేండ్లు."

"అయ్యో. ఏడాది దాటితే అక్కడి పంచాయతీ వాళ్లు వాళ్లంతట వాళ్లు రాయలేరు. ఆర్డీవో గారి ఆర్డర్ కావాలి. ఇంట్లోవాళ్లు, ఊరివాళ్లు వాంగ్మూలం ఇవ్వాలి. ఏ ఆస్పత్రిలో పోయారు?"

"ఆస్పత్రిల కాదు. హైదరాబాద్ తీసుకపోతుంటే అంబులెన్సుల. ఇగ మళ్లిచ్చి మిర్యాలగూడ కాడ ఆమె తండాకే తెచ్చినం."

"అయితే దించింది తండాలో కాబట్టి అక్కడే నమోదు చేయించాలి. ముందు అది చూసుకుని రండి." ఆమె కాగితాలు మడిచి మెల్లగా తిరిగిచ్చింది.

బైపాస్ దగ్గర చాయ్ బండి పక్కన కరుణ బండి ఆపించింది. విజయవాడ వైపు పోయే లారీల హోరులో గొంతు పెంచక తప్పలేదు.

"అంటే ఆమె లెక్కల బతికే ఉన్నది. మరి నేనెవరిని?"

"గట్ల మాట్లాడకు."

"ఎట్ల మాట్లాడాలె? పెండ్లాం సచ్చిపోతే ఒక్క కాయితం తియ్యవా? అందరు తీస్తరు. నువ్వెందుకు తియ్యలే?"

శ్రీహరి రోడ్డు వైపు తిరిగాడు. "తీయబుద్ధి కాలే" అన్నాడు.

అరిచి ఉంటే కరుణ కూడా అరిచేది. అబద్ధం చెప్పి ఉంటే పట్టుకునేది. ఈ రెండు మాటలకు ఏం చెయ్యాలో తెలియక చాయ్ తాగకుండానే బండెక్కింది. ఇల్లు చేరేదాకా అతని భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

ఆ తరువాత ఇంకో అనుమానం పుట్టింది. సాగర్‌లో ట్రైనింగ్ అని, హుజూర్‌నగర్‌లో బ్రేక్‌డౌన్ అని అప్పుడప్పుడు రాత్రికి రాడు. నిజంగా అక్కడికే పోయాడా, దారిలో తండాకు పోయి ఆమె తల్లి చేతి అన్నం తిని వస్తున్నాడా? అడిగితే చెప్పడు. తానే వెళ్లి చూస్తే సరి. పార్లర్‌కు తాళం వేసి, "నేనే పోయి కాయితం తెస్త" అని అతనికి ఫోన్లో చెప్పి, మిర్యాలగూడ బస్సెక్కింది. అక్కడ దిగి, ఊక వాసన కొడుతున్న రైస్ మిల్లుల మధ్య నుంచి ఆటోలో హన్మా తండాకు చేరేసరికి మధ్యాహ్నమైంది.

మౌనిక తండ్రి కిష్ట్యా వాకిట్లో గడ్డి వామి వేస్తున్నాడు. తల్లి రంగి పట్టా మీద మిరపకాయలు ఎండబోస్తోంది. కరుణ తానెవరో చెప్పగానే రంగి చేతులు ఆగిపోయాయి. లేచి, దగ్గరికొచ్చి, తల నుంచి కాలి దాకా చూసింది. పుస్తెల తాడు దగ్గర చూపు కాసేపు నిలిచింది.

"గా ఇంట్ల ఇప్పుడు ఉండేది నువ్వేనా?"

"నేనే అమ్మా."

"మంచిగున్నవ్" అంది రంగి. మెచ్చుకున్నట్టు లేదు. తన బిడ్డ సొత్తు ఇంకొకరి ఒంటి మీద చూసినట్టు ఉంది. ఆ చూపు కరుణకు కొత్తది కాదు. కొన్నాళ్లుగా అద్దంలో అదే కనిపిస్తోంది.

లోపల గోడకు మౌనిక ఫోటో ఉంది. ఇది పెద్దది. శ్రీహరి పసుపు హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, అది కళ్ల మీదికి జారుతుంటే రెండు చేతులతో ఎత్తి పట్టుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. పెద్ద అందగత్తె కాదు. ఆ సంగతి కరుణకు ఊరట ఇవ్వలేదు. పైగా, అందం కాకపోతే ఇంకేముంది ఈమెలో అనిపించింది. ఆ హెల్మెట్‌ను తన నెత్తిన పెట్టి చూడాలని అతనికి ఎప్పుడూ తోచలేదు.

కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. కరుణ వచ్చిన పని చెప్పింది. రంగి గోడకు ఆనుకుని అంతా విన్నది.

"అంటే నా బిడ్డ సచ్చిపోయిందని నేను ఏలిముద్ర ఎయ్యాలె. నీ పెండ్లి కాయితం కోసం."

కరుణకు చిన్నతనంగా అనిపించింది. అదే సమయంలో కోపమూ వచ్చింది. "నేను అడగరానిది అడుగుతలేను అమ్మా. జరిగిందే రాయమంటున్న."

"జరిగింది నాకు ఎరుక లేదా పిల్లా? నా ఒళ్లెనే పాయె."

"రంగీ, పిల్ల దూరం కెళ్లి అచ్చింది" అన్నాడు కిష్ట్యా.

"అచ్చింది ఈ పిల్లనాయె! ఆడేడి? దినాలకు కూసున్నడు, తెల్లారి లేసి పోయిండు. ఆనాటి సంది ఒక్కపాలి ఈ గడప తొక్కిండా? మేం సచ్చినమా, బతికినమా అని సూసిండా?"

కరుణ చేతిలోని గ్లాసు ఒళ్లో పెట్టుకుంది. "రాలేదా? ఒక్కసారి గూడ?"

"పెండ్లయినంక నువ్వే రానియ్యలేదనుకున్న."

అయితే తన అనుమానం ఉత్తదే. దొంగచాటుగా రావడం లేదు. గుండె తేలికపడాలి. ఒక నిమిషం పాటు తేలికపడింది కూడా. ఆ వెంటనే ఇంకోవైపు నుంచి గుచ్చుకుంది. మరిచిపోయినవాడైతే వస్తాడు, చుట్టపు చూపుగా కూర్చుంటాడు, చాయ్ తాగి పోతాడు. ఆరేళ్లుగా గడప తొక్కలేనివాడు ఏమీ మరిచిపోనట్టే కదా.

"ఆడిని తీసుకరా" అంది రంగి. "నా ముంగట నిలబడి నా బిడ్డ పోయిందని ఆడి నోటితో చెప్పాలె. అప్పుడు ఏస్త ఏలిముద్ర. నువ్వు అడిగితే ఎయ్య."

తిరుగు బస్సులో కరుణ కిటికీ పక్కన కూర్చుని లెక్కలేసుకుంది. వాళ్లు ఒప్పుకోలేదని చెప్పి ఊరుకోవచ్చు. కార్డు లేకపోతే నాన్నను అడిగి ఎక్కడో ఆపరేషన్ చేయించుకోవచ్చు. కానీ బతికినంత కాలం ఆమె పేరు కిందనే బతకాలి. లేదా తన మొగుణ్ణి తానే చెయ్యి పట్టుకుని ఆమె ఇంటికి తీసుకువెళ్లాలి. ఏ ఆడదీ చెయ్యని పని తన నెత్తిన పడ్డందుకు ఏడుపొచ్చింది. పక్కసీటు ఆవిడ చూస్తోందని మింగేసింది.

ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా అంది. "వాళ్లు నువ్వు రావాలంటున్నరు."

"నేను రాను" అన్నాడు శ్రీహరి.

"ఎందుకు రావు?"

ఎప్పటిలా లేచి బయటికి పోతాడనుకుంది. పోలేదు. గడప మీదే కూర్చుని నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. ఆ రోజు గాలిదుమారం. గరిడేపల్లి దగ్గర స్తంభాలు వరసగా పడిపోయాయి. మౌనిక అంతకుముందే జ్వరమని తల్లిగారింటికి వెళ్లింది. మామూలు జ్వరమే అనుకున్నారు. అతను స్తంభం మీద ఉన్నాడు, ఫోన్ కింద బండి డబ్బాలో ఉంది. దిగి చూసుకునేసరికి కిష్ట్యా ఎన్నోసార్లు చేశాడు. బండి మీద అంబులెన్సు వెంట పడ్డాడు. అది దారి పక్కన ఆగి కనిపించింది. డ్రైవరు కిందికి దిగి సిగరెట్ కాలుస్తున్నాడు. అప్పుడే అర్థమైపోయింది.

"పొయ్యేముందు నన్ను అడిగిందట. ఏడి, ఇంకా రాలేదా అని రెండు మూడు సార్లు అడిగిందట. ఆయమ్మ మొఖం నేనెట్ల సూడాలె కరుణా? ఆ కాయితం తియ్యాలంటే ఆడికి పోవాలె, అందరి ముందట ఎట్ల పోయింది, ఏ టైముకు పోయింది, నువ్వెక్కడున్నవ్ అంటే చెప్పాలె. ఇయ్యాల పోదాం రేపు పోదాం అనుకుంటనే ఆగిపోయిన."

కరుణ గోడకు ఆనుకుని నిలబడి విన్నది. జాలేసింది. నిజంగానే వేసింది. అయినా దాని పక్కనే, ఇన్ని మాటలు వచ్చా ఇతనికి, అనిపించింది. మూడేళ్లలో తనతో ఒక్కసారిగా ఇంతసేపు మాట్లాడింది లేదు. మాట్లాడిన ఒక్కరోజూ ఆమె గురించే.

"రేపు లీవు పెట్టు" అంది. "నేను గూడ వస్త."

తండాలో బండి దిగాక శ్రీహరి వాకిలి దాకా బాగానే నడిచాడు. రంగి గుమ్మంలోకి రాగానే అక్కడే కూలబడి, "యాడీ" అన్నాడు. ఆ తరువాత ఏమేమో అన్నాడు. రంగి కూడా ఏదో అంటూ అతని వీపు మీద గుద్దింది. గుద్దుతూనే తల తన కడుపుకు అదుముకుంది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. కరుణకు ఒక్క ముక్క అర్థం కాలేదు. శ్రీహరికి లంబాడీ మాట అంత బాగా వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

"యాడి అంటే ఏంది?" అని కిష్ట్యాను అడిగింది.

"అమ్మ బిడ్డా" అన్నాడు కిష్ట్యా, మంచం వాలుస్తూ. "మా పిల్ల నేర్పింది ఆనికి. మస్తు తిట్లు గూడ నేర్పింది."

సూర్యాపేటలో తన తల్లిని అతను "అత్తమ్మా" అని, ఆగి ఆగి, సభలో మాట్లాడినట్టు పిలుస్తాడు. కరుణ మంచం మీద కూర్చోలేకపోయింది. లేచి పొలం గట్టు దాకా నడిచింది. కోసిన మడిలో కొంగలు తిరుగుతున్నాయి. లోపలి నుంచి అతని ఏడుపు అక్కడికీ వినిపిస్తోంది. మొగవాళ్లు అంత గట్టిగా ఏడవడం ఆమె వినలేదు. నేను పోతే ఇలా ఏడుస్తాడా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది. బిడ్డ పోయిన తల్లి దగ్గర, చచ్చిపోయిన పిల్లతో పోటీ పడుతున్నానేమిటి అని చెంపలేసుకోవాలనిపించింది. అయినా ఆ మాట మనసులోంచి పోలేదు.

చాలాసేపటికి రంగి ఆమెను వెతుక్కుంటూ గట్టు మీదికి వచ్చింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. చేతిలో పళ్లెం, రెండు జొన్నరొట్టెలు, పప్పు.

"తిను. నూనె ఎయ్యలే. కడుపుల రాళ్లున్నయట గద."

కరుణ చెయ్యి చాపబోయి ఆగింది. "మీకెవరు చెప్పిన్రు?"

"ఆడే. కారం గూడ తక్కువ ఎయ్యమన్నడు."

ఆ ఏడుపు మధ్యలో ఎక్కడో తన కడుపులో రాళ్ల సంగతి చెప్పడానికి అతనికి జాగా దొరికింది. కరుణ గట్టు మీదే కూర్చుని రెండు రొట్టెలూ తిన్నది. రంగి పక్కన నిలబడి కొంగలను అదిలిస్తూ ఉండిపోయింది.

పంచాయతీ ఆఫీసులో సెక్రటరీ ఎదుట అందరూ కూర్చున్నారు. తండా పెద్దమనుషులు ఇద్దరొచ్చి తమకు తెలిసింది చెప్పారు. కిష్ట్యా సంతకం చేశాడు. రంగి బొటనవేలు ఇంకులో అద్దే ముందు శ్రీహరి వైపు చూసింది. అతను "మౌనిక పోయింది" అన్నాడు, తెలుగులోనే, అందరికీ వినిపించేలా. రంగి వేలిముద్ర వేసింది. చనిపోయినామెకు మీరేమవుతారని సెక్రటరీ అడిగితే శ్రీహరి "భర్తను" అన్నాడు. సెక్రటరీ రాసుకున్నాడు. ఆ మాట ఆ పేరు పక్కన ఎక్కుతుంటే కరుణ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇన్ని సంతకాలలో తన సంతకంతో ఎవరికీ పనిలేదు.

అక్కడి నుంచి ఆ కాగితాలు తహసీల్దారుకు, విచారణకు, మిర్యాలగూడలో ఆర్డీవోకు వెళ్లాయి. వరి కోతలైపోయి, మళ్లీ నారు పోసే వేళకు ఆర్డర్ వచ్చిందని కిష్ట్యా ఫోన్ చేశాడు. సర్టిఫికెట్ తానే పట్టుకుని కోదాడ వచ్చాడు. శ్రీహరి దాన్ని చాలాసేపు చూసి, మడత పెట్టకుండా కవరులో పెట్టాడు.

రిజిస్ట్రేషన్ రోజు సాక్షులుగా కరుణ తండ్రి లక్ష్మయ్య సూర్యాపేట నుంచి వచ్చాడు, పార్లర్ పక్కన బట్టల దుకాణం సైదమ్మ వచ్చింది. మూడో సాక్షి జగదీష్. వద్దే వద్దని కరుణ ముందే గొడవ పెట్టుకుంది. మౌనిక పెళ్లికి సంతకం పెట్టిన చెయ్యే తన పెళ్లికీ పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఇంకెవరికీ ఆ రోజు వీలు కాలేదు. జగదీష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తన వంతు రాగానే పెన్ను పట్టుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"నేను వద్దేమో చెల్లె. అప్పుడు గూడ మొదటి సంతకం నేనే పెట్టిన. మంచిగ అచ్చిరాలే."

శ్రీహరి తల దించుకున్నాడు. రజిత మేడమ్ గోడ గడియారం చూసింది. జగదీష్ ఇన్నాళ్లూ ఆ భయం మోస్తున్నాడని కరుణకు తట్టనే లేదు. వాగుడుకాయ అనుకుంది అంతే. తనకు అతని సంతకం వద్దనిపించిన కారణం, దాని పక్కన పెట్టి చూస్తే, చాలా చిన్నదిగా కనిపించింది.

"నీ సంతకానికేమైంది అన్నా, జ్వరానికి పోయిందామె" అంది. "నువ్వే పెట్టాలె. నువ్వు పెట్టకుంటే నేను పెట్ట."

జగదీష్ పెట్టాడు. మధ్యలో ఒకసారి ఆగి, కరుణ వైపు చూసి, మిగతా అక్షరాలు పూర్తిచేశాడు. శ్రీహరి తన సంతకం మాత్రం ఎక్కడా ఆగకుండా చేశాడు. కరుణ అతని చేతినే చూస్తూ ఉంది కాబట్టి ఆమెకు తెలుసు.

కార్డులో పేరు మారాక సూర్యాపేటలో ఆపరేషన్ కరుణ పేరు మీదే జరిగింది. కుట్లు వేసిన మర్నాడు మధ్యాహ్నం మందుల మత్తు దిగి కళ్లు తెరిచేసరికి మంచం పక్కన రంగి కూర్చుని ఉంది. మిర్యాలగూడ నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిందట. శ్రీహరి కిందికి వెళ్లాడట, కొబ్బరినీళ్లకు. రంగి దుప్పటి అంచు సర్దింది. వార్డులో ఎవరో నర్సు శ్రీహరితో నవ్వుతూ మాట్లాడుతూ వెళ్లిందని రంగి చెప్పింది, ఊరికే మాటవరసకు. కరుణ ముఖం మారింది కాబోలు, రంగి వంగి చూసి పకపకా నవ్వింది.

"నా బిడ్డ గూడ గిట్లనే! మస్తు కుళ్లు దానికి. మా శ్రీహరి కాలేజీల తనతోటి చదివిన ఒక పిల్లతోటి బస్‌స్టాండుల మాట్లాడిండని ఎవరో చెప్తే, బువ్వ ముట్టలే. నోటీసు పెట్టినంక గూడ ఆ కాయితం చింపేస్త అని కూసున్నది. ఆ పిల్ల వచ్చి, నేను ఇంకొకలను చేసుకుంటున్ననని చెప్పినదాక ఊకోలే."

కరుణకు నవ్వు తన్నుకొచ్చింది. కుట్లు లాగాయి. పొట్ట మీద చెయ్యి గట్టిగా అదుముకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వు ఆపుకోలేకపోయింది. గోడ మీద హెల్మెట్ ఎత్తి పట్టుకున్న మనిషి అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చున్నట్టు ఊహించుకుంటే మళ్లీ నవ్వొచ్చింది. కాస్త తెరిపిన పడ్డాక, ఇంకో సంగతి తట్టింది.

"ఎవరమ్మా ఆ పిల్ల?" అంది.

"ఏమో, కోదాడ పిల్లేనట. పేరు నవ్యనో ఏమో."

"ఇప్పుడు ఏడ ఉంటది?"

రంగి నవ్వు ఆపి ఆలోచించింది. "నాకేం ఎరుక? ఆడినే అడుగుదాం" అంది. అంతలో శ్రీహరి రెండు చేతుల్లో కొబ్బరిబోండాలు పట్టుకుని తలుపు భుజంతో తోసుకుంటూ లోపలికొచ్చాడు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి తన వైపే చూస్తుండటం చూసి, ఏమైందో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు.